దాచుకోవడం ఒకటి, దొరకడం ఒకటి

2025 జూలై 8న పాకెట్ అనే సర్వీసు మూతపడింది. ఇంటర్నెట్‌లో కంటపడిన వ్యాసాన్ని తర్వాత తీరిగ్గా చదువుకుందామని ఒక్క క్లిక్కుతో దాచుకోవడానికి 2007లో మొదలైన సాధనం అది. అప్పటి పేరు ‘రీడ్ ఇట్ లేటర్’. 2012లో పాకెట్ అయింది. 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా దాన్ని కొనుక్కుంది. మూసేముందు వాడుకరులకు మర్యాదగానే చెప్పారు, దాచుకున్నవి దించుకోవడానికి కొన్ని నెలల గడువూ ఇచ్చారు. తీరా దించుకున్న ఫైలు తెరిచి చూస్తే వ్యాసాల శీర్షికలున్నాయి, లింకులున్నాయి, ట్యాగులున్నాయి. వ్యాసాలు మాత్రం లేవు.

ఇలాంటిది జరగడం అదే మొదటిసారి కాదు. వెబ్‌లో కనబడిన ముక్కలు దాచుకునే గూగుల్ నోట్‌బుక్ 2006లో వచ్చింది, 2009లో దాని మీద పని ఆగిపోయింది, 2012లో మూసేశారు. సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జూలై 1తో సరి. లింకులకు ట్యాగులు తగిలించుకోవడం జనానికి అలవాటు చేసిన డెలిషస్ 2003లో పుట్టి, యాహూ దగ్గరికి వెళ్లి, చేతులు మారి మారి, చివరికి 2017లో పిన్‌బోర్డ్ అనే పోటీ సర్వీసు పాలబడింది. ఆ తర్వాత అందులో కొత్తగా ఏదీ దాచుకోవడానికి లేకుండా పోయింది. 2024 నవంబరులో పాకెట్ లాంటిదే అయిన ఓమ్నివోర్ కొద్దివారాల గడువుతో దుకాణం కట్టేసింది.

ఈ వరసలో స్క్రాప్‌బుక్ కథ కాస్త వేరు. అదొక ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్. వెబ్‌పేజీని బొమ్మలతో సహా మన కంప్యూటర్లోకే దించి పెట్టేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్-ఆన్లన్నిటినీ పక్కన పెట్టేయడంతో స్క్రాప్‌బుక్ కూడా పోయింది. కానీ దాంతో దించుకున్న పేజీలు మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా హార్డ్‌డిస్కులోనే ఉండటంతో ఏ బ్రౌజర్లోనైనా తెరుచుకున్నాయి. సాధనం పోయినా సరుకు మిగిలింది.

పాకెట్ వాళ్లకు మిగిలింది లింకు, స్క్రాప్‌బుక్ వాళ్లకు మిగిలింది పేజీ. పరిశోధనకు నోట్సు దాచుకునే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అసలు చూడాల్సింది ఈ తేడానే. ఏ యాప్ బాగుంటుందని అడిగేముందు మనం దాస్తున్నది ఏమిటో తేల్చుకోవాలి.

బుష్ ఊహించిన బల్ల

1945 జూలైలో ‘ది అట్లాంటిక్’ మాసపత్రికలో వనీవర్ బుష్ ఒక వ్యాసం రాశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా శాస్త్ర పరిశోధనలను నడిపించిన ఇంజనీరు ఆయన. పరిశోధనా పత్రాలు గుట్టలుగా వచ్చిపడుతున్నాయి, కావలసింది ఆ గుట్టలోంచి బయటికి తీయడం మాత్రం పాతకాలం పద్ధతిలోనే ఉందన్నది ఆయన బాధ. అక్షరక్రమంలోనో అంకెల క్రమంలోనో పేర్చిన సూచికలో ఒక విషయానికి ఒకే చోటు ఉంటుంది. మనసు అలా పనిచేయదు, ఒక విషయం తలచుకోగానే దానికి ముడిపడ్డ మరొకటి తడుతుంది. అందుకని బుష్ ఒక యంత్రం ఊహించి దానికి మెమెక్స్ అని పేరు పెట్టాడు.

చూడటానికి అదొక రాతబల్ల. పైన ఏటవాలు తెరలు, పక్కన మీటలు, కీబోర్డు. లోపల మైక్రోఫిల్ము మీద పుస్తకాలు, పత్రికలు, ఉత్తరాలు. చదువుతూ చదువుతూ ఏ రెండింటినైనా ముడివేయవచ్చు. అలా ముడివేసుకుంటూ పోతే ఒక బాట ఏర్పడుతుంది. దానికి పేరు పెట్టుకోవచ్చు, మధ్యలో సొంత వ్యాఖ్య చేర్చుకోవచ్చు, బాట మొత్తానికి నకలు తీసి స్నేహితుడికి ఇవ్వొచ్చు. క్రూసేడు యుద్ధాల్లో తురుష్కుల పొట్టి విల్లు ఇంగ్లండు పొడుగు విల్లు కన్నా ఎందుకు మెరుగైందని వెతికే ఒక పరిశోధకుడిని బుష్ ఉదాహరణగా చూపించాడు.

మెమెక్స్ ఎవరూ తయారుచేయలేదు. ముడులు వేసుకునే ఆ ఆలోచన మాత్రం తర్వాతి తరాలకు అంది, హైపర్‌టెక్స్ట్ అయింది. 1989లో సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కు ప్రతిపాదన రాసే నాటికి లింకు అనే భావన పాతబడిపోయింది కూడా. అయితే వెబ్ తీసుకున్నది బుష్ ఆలోచనలో సగమే. బుష్ బల్లలో ముడులతో పాటు అసలు పత్రాలూ ఉంటాయి. వెబ్‌లో లింకు మాత్రమే మనది. పత్రం ఎవరిదో కంప్యూటర్లో ఉంటుంది, ఆ యజమాని మనల్ని అడక్కుండానే దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు. ఇలా వదిలేయబట్టే వెబ్ అంత తేలిగ్గా ప్రపంచమంతా అల్లుకుంది. పరిశోధన చేసేవాళ్లకు తలనొప్పి కూడా ఇక్కడే మొదలైంది.

లింకు ఎలా చచ్చిపోతుంది

వెబ్ చిరునామాలో మొదటి భాగం డొమైన్ పేరు. దాన్ని ఏటేటా డబ్బు కట్టి నిలుపుకోవాలి. కట్టకపోతే వేరెవరైనా తీసుకోవచ్చు. నిన్నటిదాకా చరిత్ర వ్యాసాలున్న చిరునామాలో ఇవాళ జూదం ప్రకటనలు కనిపించేది అందుకే. చిరునామాలో రెండో భాగం సర్వర్లో ఆ పేజీ ఉన్న చోటు. సంస్థ తన సైటును కొత్త సాఫ్ట్‌వేర్ మీదికి మార్చినప్పుడు ఈ భాగం మారిపోతుంది. పాత చిరునామా కొట్టినవాళ్లను కొత్తదానికి పంపించే ఏర్పాటు చేయొచ్చు గానీ, అందరూ చేయరు. ఇక మూడోది అన్నిటికన్నా ప్రమాదం. చిరునామా అదే, పేజీ తెరుచుకుంటుంది, లోపలి మాటలు మాత్రం మారిపోయి ఉంటాయి. మనం చూసింది అది కాదని తెలియను కూడా తెలియదు.

అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేవు. హార్వర్డ్ న్యాయకళాశాలకు చెందిన జొనాథన్ జిట్రెయిన్, మరి ఇద్దరు కలిసి అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉదహరించిన లింకులను పరిశీలిస్తే, దాదాపు సగం లింకులు మొదట ఉదహరించిన సమాచారాన్ని అప్పటికే చూపించడం లేదు. దేశపు అత్యున్నత న్యాయస్థానం రాసుకున్న అధస్సూచికలకే ఆ గతి పడితే మన బుక్‌మార్కుల సంగతి వేరే చెప్పాలా?

దీనికి కొంత విరుగుడు ఉంది. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అప్పటినుంచీ వెబ్‌పేజీల నకళ్లు తీసి ఉంచుతోంది. 2001లో వేబ్యాక్ మెషీన్ పేరుతో వాటిని అందరికీ తెరిచింది. 2025 నాటికి ఆ నకళ్లు లక్ష కోట్లు దాటాయి. అందులో ‘సేవ్ పేజ్ నౌ’ అనే పెట్టె ఉంది. మనకు కావలసిన లింకు అందులో వేస్తే అప్పటికప్పుడు నకలు తీసి, తేదీతో సహా శాశ్వత చిరునామా ఇస్తుంది. పుస్తకంలో ఉదహరించాలంటే ఆ చిరునామా ఎంతో నయం. అయినా దాని మీదే భారం వేయకూడదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ సైటే కొన్నాళ్లు పనిచేయలేదు. పాస్‌వర్డ్ అడిగే పేజీలు, చందా కట్టి చదివే పత్రికలు దానికి అందవు.

ఒక నోట్సు, మూడు పొరలు

ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర రాస్తున్న ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించిన ఆర్థర్ కాటన్ కట్టడం అది. ఇంటర్నెట్‌లో ఆమెకు దొరికే సామగ్రి నానారకాలు. గోదావరి జిల్లా మీద హెన్రీ మోరిస్ 1878లో రాసిన పుస్తకం లాంటివాటి స్కాన్లు, నీటిపారుదల శాఖ పేజీలు, కాటన్ జయంతికి పత్రికల్లో వచ్చే వ్యాసాలు, యూట్యూబ్‌లో ఎవరో పెద్దాయన ఇంటర్వ్యూ, పరిశోధనా పత్రికల పీడీఎఫ్‌లు, నిన్న రాత్రి వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్న నాలుగు లింకులు.

ఇందులో ప్రతిదానికీ మూడు పొరలుంటాయి. మొదటిది ఆనవాలు: ఎవరు రాశారు, ఏ పేరుతో, ఎప్పుడు, ఎక్కడ, ఏ పుటలో, మనం ఏ రోజు చూశాం. రెండోది నకలు: ఆ రోజు ఆ పేజీ ఎలా ఉందో అలాగే. మూడోది సొంతమాట: దీన్ని ఎందుకు దాచుకున్నాం, ఇది దేన్ని రుజువు చేస్తుంది, దేనితో విభేదిస్తుంది.

ఆనవాలు లేని నకలును ఉదహరించడానికి వీల్లేదు. నకలు లేని ఆనవాలు లింకుతో పాటే పోతుంది. సొంతమాట లేకపోతే మిగతా రెండూ ఉన్నా ఆరునెలల తర్వాత అదొక అపరిచితమైన ఫైలు. ఈ మూడింటికీ ఆయుష్షు వేరు, శత్రువులు వేరు. అందుకే ఒకే సాఫ్ట్‌వేర్ మూడింటినీ సమానంగా చూసుకోవడం అరుదు. ‘అన్నీ ఒక్కచోటే’ అని ప్రకటించుకునేవి సాధారణంగా ఒక పొరను బాగా చేసి మిగిలినవి మమ అనిపిస్తాయి.

ఆనవాలుకు జొటేరో

ఆనవాలు విషయంలో పరిశోధకులు ఎక్కువగా వాడేది జొటేరో. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర, నవమాధ్యమాల కేంద్రం 2006లో విడుదల చేసిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. చరిత్రకారులు తమ పనికోసం చేసుకున్నది కాబట్టి పాత పుస్తకం, ఉత్తరం, పటం, ఇంటర్వ్యూ లాంటి వాటికి వేర్వేరు ఫారాలున్నాయి.

బ్రౌజర్లో జొటేరో బటను నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. పేజీలో కంటికి కనిపించే రాతతో పాటు యంత్రం చదువుకోవడానికి కొన్ని వివరాలు లోపల రాసి ఉంటాయి: రచయిత, శీర్షిక, తేదీ, పత్రిక పేరు. జొటేరో వాటిని ఏరుకుని గళ్లలో నింపుతుంది, చూసిన తేదీ వేస్తుంది, పేజీ నకలు కూడా తీసి జతచేస్తుంది. పరిశోధనా పత్రికల సైట్లలో ఈ వివరాలు ఖచ్చితంగా ఉంటాయి కాబట్టి పని క్షణంలో అయిపోతుంది. లోపలి వివరాలు పెట్టని సైటులో అయితే శీర్షిక, లింకు మాత్రం వస్తాయి. రచయిత పేరు, ప్రచురణ తేదీ అక్కడికక్కడే చేత్తో నింపుకోవాలి. తర్వాత చూసుకుందామంటే ఆ తర్వాత రాదు.

స్కాన్ చేసిన పుస్తకాలతో మరో చిక్కు. తెర మీద కనిపించే పుట సంఖ్య స్కాన్ వరస సంఖ్య. అట్ట, ముందుమాట, మడతపెట్టిన పటాలు అన్నీ ఆ లెక్కలో చేరతాయి. ఉదహరించాల్సింది పుస్తకంలో అచ్చయిన సంఖ్యను. రెండూ రాసి పెట్టుకుంటే మళ్లీ వెళ్లడానికి ఒకటి, పాఠకుడికి చెప్పడానికి ఒకటి.

జొటేరో మన కంప్యూటర్లో ఎంతైనా దాస్తుంది. దాని సర్వర్లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ, ఆపైన కావాలంటే చందా. హార్డ్‌డిస్కులో దాని ‘స్టోరేజ్’ ఫోల్డరు తెరిచి చూస్తే ఎనిమిదేసి అక్షరాల అర్థంలేని పేర్లతో సబ్‌ఫోల్డర్లు వరసగా కనిపిస్తాయి. భయపడక్కర్లేదు, ఒక్కోదాంట్లో ఒక్కో పీడీఎఫ్ లేదా పేజీ నకలు మామూలు ఫైలుగానే ఉంటుంది. జొటేరో లేకపోయినా తెరుచుకుంటుంది.

నకలుకు మామూలు ఫైలు

నకలు తీయడంలో చాలామంది చేసేది స్క్రీన్‌షాట్. అది అత్యవసరానికి పనికొస్తుంది గానీ అందులో అక్షరాలు బొమ్మలైపోతాయి, లింకు ఉండదు, తేదీ ఉండదు. పీడీఎఫ్‌గా ప్రింట్ చేసుకోవడం దానికన్నా మేలు. పేజీ అమరిక కొంత చెదిరినా వచనం వచనంగా నిలుస్తుంది, పదిచోట్ల తెరుచుకుంటుంది. పేజీని ఉన్నదున్నట్టుగా కావాలంటే సింగిల్‌ఫైల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది. బొమ్మలు, అక్షరశైలి, అమరిక అన్నీ కలిపి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా కట్టేస్తుంది. గ్రంథాలయాలు, ఆర్కైవులు వాడే వార్క్ అనే ఐఎస్ఓ ప్రమాణం మరింత సమగ్రమైనది. సర్వర్ పంపిన జవాబును కూడా అది నమోదు చేస్తుంది. ఒంటరి పరిశోధకుడికి అంత బరువు అక్కర్లేదు.

నకలు సొంతానికి దాచుకోవడం వేరు, దాన్ని నలుగురికీ పంచడం వేరు. కాపీరైటున్న వ్యాసం నకలు మన నోట్సులో ఉండొచ్చు, మన సైటులో పెట్టకూడదు.

సొంతమాటకు ఏమి కావాలి

మూడో పొర దగ్గరే సాఫ్ట్‌వేర్ల సంత. ఎవర్‌నోట్, వన్‌నోట్, నోషన్, అబ్సిడియన్, జాప్లిన్, ఇంకా ఎన్నో. వీటి ముఖాలు చూసి ఎంచుకోవడం కన్నా, రాసింది ఏ రూపంలో ఎక్కడ నిలుస్తుందని అడగడం మంచిది.

అబ్సిడియన్ 2020లో వచ్చింది. దాని నోట్సు మన కంప్యూటర్లో ఒక ఫోల్డరు, అందులో మార్క్‌డౌన్ ఫైళ్లు. మార్క్‌డౌన్ అంటే 2004లో జాన్ గ్రూబర్, ఏరన్ స్వార్ట్జ్ సాయంతో రూపొందించిన తేలికపాటి రాతపద్ధతి: శీర్షికకు ముందు ఒక హ్యాష్ గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రాలు, అంతే. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. అబ్సిడియన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు, దాని ఫైళ్లు మాత్రం ఎవరి సొత్తూ కావు. జాప్లిన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. రాసేది మార్క్‌డౌన్‌లోనే, దాచేది డేటాబేసులో, కోరినప్పుడు ఫైళ్లుగా ఇస్తుంది. వెబ్‌పేజీలు కత్తిరించి పెట్టుకునే క్లిప్పర్ కూడా దానికి ఉంది. నోషన్‌లో నోట్సు ఉండేది వాళ్ల సర్వర్లో. నలుగురు కలిసి పనిచేయడానికి, పట్టికలుగా పేర్చుకోవడానికి బాగుంటుంది, మార్క్‌డౌన్‌గా బయటికీ ఇస్తుంది. చేతిరాత, బొమ్మలు, పక్కన పడేసే చీటీలు కావాలంటే వన్‌నోట్ సుఖం.

క్లౌడ్ సర్వీసులో నోట్సు పెట్టడం అద్దె ఇంట్లో కాపురం లాంటిది. ఉండటానికి హాయిగానే ఉంటుంది గానీ అద్దె, షరతులు యజమాని చేతిలో ఉంటాయి. ఎవర్‌నోట్‌ను ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ కొన్నాక, 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకు 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టారు. అంతకుముందు వేలకొద్దీ దాచుకున్నవాళ్లు అవి చూసుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కొత్తది చేర్చాలంటే చందా కట్టాలి.

సాఫ్ట్‌వేర్ ఏదైనా సొంతమాట మాత్రం సొంతంగా రాయాల్సిందే. 1978లో స్లామెకా, గ్రాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించిన సంగతి ఒకటుంది: చదివి వదిలేసిన మాట కన్నా తానే ఆలోచించి పూరించిన మాట మనిషికి బాగా గుర్తుంటుంది. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ చేసిన ప్రయోగాల్లో, ల్యాప్‌టాప్‌లో పాఠాన్ని మాటకుమాట దించుకున్న విద్యార్థులు చేత్తో రాసుకున్నవాళ్ల కన్నా భావనకు సంబంధించిన ప్రశ్నల్లో వెనకబడ్డారు. 2021లో మరో బృందం అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. కాబట్టి కలమా కీబోర్డా అన్న తగువు తేలలేదు. కాపీ-పేస్ట్ చేసిన పేరా మన ఆలోచన కాదన్న మాట మటుకు ఆ తగువుతో నిమిత్తం లేకుండా నిలుస్తుంది.

ఫోల్డరా, ట్యాగా, వెతుకులాటా

కాటన్ కాలువల తవ్వకానికి కూలీలను ఎలా సమకూర్చాడో చెప్పే ఒక పుట దొరికిందనుకోండి. దాన్ని ‘కాటన్’ ఫోల్డర్లో వేయాలా, ‘కూలీలు’లోనా, ‘కాలువలు’లోనా, ‘1850లు’ అన్నదాంట్లోనా? కాగితపు పుస్తకం ఒకే అరలో ఉండగలదు గనక గ్రంథాలయాలకు ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ దీనికి 1933లో ఒక జవాబిచ్చారు. గణితం చెప్పే ఉపాధ్యాయుడిగా ఉంటూ గ్రంథాలయంలోకి వచ్చిన మనిషి ఆయన. విషయాన్ని ముందే గీసిన ఒక గడిలో ఇరికించడం మాని, దాని ముఖాలను విడదీయాలన్నారు. తర్వాత ఆ ముఖాలను ఐదుగా తేల్చారు: ప్రధాన విషయం, పదార్థం, జరిగే పని, స్థలం, కాలం. ఏ పుస్తకానికైనా ఈ ముఖాల కలయికతో గుర్తు తయారవుతుంది. మధ్యలో కోలన్ గుర్తులు పెట్టారు గనక దాన్ని కోలన్ వర్గీకరణ అన్నారు.

ట్యాగులు పెట్టుకునేవాళ్లకు రంగనాథన్ చెప్పింది అచ్చంగా పనికొస్తుంది. తోచిన ట్యాగల్లా తగిలిస్తే ఏడాది తిరిగేసరికి నాలుగొందల ట్యాగులు, ఒక్కోదానికి ఒక్కో నోటు తయారవుతాయి. అలాకాక ఎవరు, ఏమి, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు అని ఐదు ముఖాలు ఖాయం చేసుకుంటే పై పుటకు ‘కాటన్, కాలువ, తవ్వకం, తూర్పు డెల్టా, 1850లు’ అని క్షణంలో పడిపోతాయి. ఏ ముఖం నుంచి వెతికినా దొరుకుతుంది.

అసలు ఇంత సర్దుడు అవసరమా, వెతికితే పోదా? ఐబీఎం పరిశోధకులు 2011లో 345 మంది వాడుకరులు పాత ఈమెయిల్‌ను తిరిగి వెతుక్కున్న 85,000కు పైగా సందర్భాలు పరిశీలించారు. ఫోల్డర్లలో సర్దుకున్నవాళ్లకు ఒక మెయిల్ పట్టుకోవడానికి సగటున 58 సెకన్లు పట్టింది, సెర్చ్ చేసినవాళ్లకు 17. దొరకడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. మరి ఫోల్డర్లు దండగ అనుకోవాలా అంటే, సొంత ఫైళ్ల విషయానికొస్తే మనుషులు సెర్చ్ దగ్గరున్నా ఫోల్డర్ల గుండా వెళ్లడానికే మొగ్గుతారని ఒఫర్ బెర్గ్‌మన్, ఆయన సహచరుల అధ్యయనాలు చెబుతున్నాయి. 2015లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిన మెదడు స్కానింగ్ అధ్యయనం ఇందుకు కారణం సూచించింది: ఫోల్డర్ల గుండా వెళ్లేటప్పుడు, నిజమైన చోట్లలో దారి పట్టుకునే మెదడు భాగాలే పనిచేస్తాయి. సెర్చ్ చేసేటప్పుడు భాషకు సంబంధించిన భాగం పనిచేస్తుంది. అంటే వెతకాల్సిన మాట గుర్తున్నప్పుడే సెర్చ్ సాయపడుతుంది. ఇప్పుడు నడుస్తున్న పనికి నాలుగైదు ఫోల్డర్లు, మిగతా రాశికి ట్యాగులు, సెర్చ్ అన్నది రెంటికీ సరిపోయే ఏర్పాటు.

తెలుగు పరీక్ష

పై మాటలు ఏ భాషవాళ్లకైనా వర్తిస్తాయి. తెలుగులో నోట్సు రాసుకునేవాళ్లు మరికొన్ని చూసుకోవాలి.

మొదటిది పాత ఫాంట్లు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉన్నా, తొలినాళ్ల తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకారాలు తొడిగేవారు. అను ఫాంట్లతో డీటీపీ చేసిన పీడీఎఫ్‌లదీ అదే తీరు. కంటికి శుభ్రమైన తెలుగే, కాపీ చేసి నోట్సులో పేస్ట్ చేస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం. అలాంటిదాన్ని సెర్చ్ పట్టుకోలేదు. ఏ పీడీఎఫ్ దాచుకున్నా ఒక వాక్యం కాపీ చేసి చూడండి. తెలుగు రాకపోతే ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి) చేయించి వచనాన్ని పక్కన పెట్టుకోండి. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టి డాక్యుమెంటుగా తెరిస్తే తెలుగు ఓసీఆర్ ఉచితంగానే అవుతుంది, తప్పులు దిద్దుకోవాలి.

రెండోది సంధులు, విభక్తులు. ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకంలో’ దొరుకుతుంది, ‘పుస్తకాలు’ దొరకదు. ‘ఊరు’ అంటే ‘ఊళ్లు’ రాదు. మాటలో మారని ముక్క వేసి వెతకడం అలవాటు చేసుకోవాలి: ‘పుస్తక’ అంటే రెండూ వస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాట మొత్తం కలిస్తేనే చూపిస్తాయి. అలాంటివి తెలుగుకు పనికిరావు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్ తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది, వత్తు పడకుండా ఆపేది అదే. అది లేకుండా టైపు చేసినవారి రాత, ఉండి టైపు చేసినవారి సెర్చ్ కలవకపోవచ్చు. పాత ఇంగ్లిషు పుస్తకాల్లో ధవళేశ్వరం, గోదావరి పేర్ల స్పెల్లింగులు ఇప్పటివాటికి పొసగవు. ఇలాంటి చోటనే స్థలం ట్యాగు ఆదుకుంటుంది: పుస్తకంలో ఏ స్పెల్లింగు ఉన్నా మన ట్యాగు ఒక్కటే.

మూడోది ఫైలు పేరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్క. ‘ధవళేశ్వరం’ అన్న పేరుకు 9 సంకేతాలు, 27 బైట్లు. లినక్స్ కంప్యూటర్లలో సాధారణంగా ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. పత్రిక శీర్షిక మొత్తం ఫైలు పేరుగా పెడితే కాపీ చేసేటప్పుడు మొరాయించేది అందుకే. ముందు తేదీ, తర్వాత రెండు మూడు మాటలు చాలు.

బయటికి వచ్చే దారి

2008లో జొటేరోకు పోటీ అయిన ఎండ్‌నోట్ సాఫ్ట్‌వేర్ యజమాని థామ్సన్ రాయిటర్స్ జొటేరో విషయమై అమెరికాలో కోర్టుకెక్కింది. ఎండ్‌నోట్ ఫైళ్లను జొటేరో చదవగలగడం లైసెన్సు ఉల్లంఘన అన్నది ఫిర్యాదు. మరుసటి ఏడాది ఆ దావా కొట్టేశారు. 2018లో ఎల్సెవియర్ సంస్థకు చెందిన మరో పోటీ సాఫ్ట్‌వేర్ మెండలే తన వాడుకరుల కంప్యూటర్లలో ఉన్న డేటాబేసును ఎన్‌క్రిప్ట్ చేసింది. భద్రత కోసమని వాళ్లు చెప్పారు. ఫలితంగా అంతదాకా నేరుగా దాన్ని చదివి దిగుమతి చేసుకుంటున్న జొటేరోకు ఆ దారి మూసుకుపోయింది. వాడుకరి ఫైలు తన కంప్యూటర్లోనే ఉన్నా తాళం తన చేతిలో లేకుండా పోయింది.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్లోనైనా వేల నోట్లు పోయకముందే ఒక చిన్న పరీక్ష పెట్టండి. రకానికొకటి చొప్పున ఓ పది నోట్లు వేయండి: ఒక తెలుగు పత్రిక వ్యాసం, ఒక స్కాన్ పుస్తకం, ఒక పరిశోధనా పత్రం, ఒక వీడియో లింకు, రెండు మూడు సొంత రాతలు. వాటికి ట్యాగులు పెట్టండి, ఒకదానికొకటి ముడివేయండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫోల్డరును ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్లో తెరవండి. తెలుగు చదవడానికి వస్తోందా? జతచేసిన పీడీఎఫ్‌లు వచ్చాయా, పేర్లు నిలిచాయా? ట్యాగులు ఎక్కడున్నాయి? నోట్ల మధ్య ముడులు మిగిలాయా? తేదీలు అసలువేనా, ఎక్స్‌పోర్ట్ చేసిన రోజుకు మారిపోయాయా? ప్రకటనల్లో కనిపించని నిజం ఈ ఫోల్డర్లో కనిపిస్తుంది.

సింక్ వేరు, బ్యాకప్ వేరు అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫోన్లో పొరపాటున చెరిపిన నోటును సింక్ ఎంతో విధేయంగా ల్యాప్‌టాప్‌లోనూ చెరిపేస్తుంది. నెలకోసారైనా నోట్సు ఫోల్డరు మొత్తాన్ని విడిగా ఒక డిస్కులోకి ఎత్తి పెట్టుకోవాలి.

ఎంపిక సంగతి కుదించి చెప్పాలంటే, సిద్ధాంత గ్రంథమో చరిత్రో రాసేవారికి ఆనవాలు, నకలు రెంటికీ జొటేరో, సొంతమాటకు మార్క్‌డౌన్ ఫైళ్లు రాసే సాధనం ఏదైనా ఒకటి. విలేఖరికి నకలు ముఖ్యం. అప్పటికప్పుడు సింగిల్‌ఫైల్‌తో నకలు తీసుకుని, లింకును వేబ్యాక్ మెషీన్‌కు కూడా ఇవ్వాలి. బృందంగా పనిచేసేవాళ్లు నోషన్ లాంటిది వాడుకోవచ్చు, నెలనెలా ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకుంటే చాలు. ఫోను తప్ప మరోటి లేనివారు వాట్సాప్‌లో తమకు తాము పంపుకునే లింకులను వారానికోసారి ఖాళీ చేసుకునే నియమం పెట్టుకున్నా సగం పని అయినట్టే.

వీటిలో ఏదీ మనకోసం చేయని పని మూడో పొర. పేజీ దాచుకున్న రోజునే, దాన్ని ఎందుకు దాచుకుంటున్నామో ఒక్క వాక్యం రాయాలి. ‘కూలీ రేట్ల మీద మోరిస్ చెప్పిన లెక్కతో ఇది కలవడం లేదు, చూడాలి’ అన్నంత చిన్న వాక్యం. సాఫ్ట్‌వేర్ మారినా, లింకు చచ్చినా, నకలు తెరుచుకోకపోయినా ఏం వెతకాలో ఆ వాక్యం చెబుతుంది. ఆ ఒక్క వాక్యం ఎంత ఆలోచించినా తట్టలేదంటే, ఆ పేజీని దాచుకోవాల్సిన పనే లేదన్నమాట.